నెల జీతమా.. పీసు లెక్కా? నిర్మల్ కుంచె ముందు తేలని ప్రశ్న

నిర్మల్: జానెడు చెక్కపై ఓ అంతఃపుర కాంత, ఆమె చేతిపై చిలుక, వెనుక నల్లని నేపథ్యంలో బంగారు తీగలా మెరిసే పూలకొమ్మ. నిర్మల్ చిత్రం అనగానే కళ్ల ముందు కదలాడే దృశ్యమిది. దుకాణంలో దాని ముందు నిలబడి ముచ్చటపడే కొనుగోలుదారుకు ధర ఎంతో తెలుస్తుంది. అందులో గీసిన చేతికి చేరేదెంత, అది నెల జీతంగా చేరిందా, పీసు లెక్కన చేరిందా, లేక సరుకు అమ్ముడైతే తప్ప చేతికి రాని సొంత రాబడా అన్నది మాత్రం తెలియదు. నాలుగు శతాబ్దాల చరిత్ర తమదని చెప్పుకునే ఈ కళ మనుగడ ఇప్పుడు సరిగ్గా ఈ ప్రశ్న వద్దే ఆగి ఉంది.

జిల్లాలో కుంచె పట్టిన కుటుంబాల ముందు నేడు ప్రధానంగా మూడు దారులు కనిపిస్తాయి. సహకార సంఘంలో చేసిన పనికి పీసు లెక్కన కూలీ తీసుకోవడం మొదటిది. సొంత పెట్టుబడితో రంగులు, చెక్క కొనుక్కుని, ఇంట్లోనే చిత్రించి, గిరాకీని తామే వెతుక్కోవడం రెండోది. ఈ రెండూ కాదనుకుని నెల తిరిగేసరికి జీతం వచ్చే కొలువు ఎక్కడుంటే అక్కడికి వెళ్లిపోవడం మూడోది. కళ గురించి సభల్లో మాట్లాడే వారు మొదటి రెండింటినే ప్రస్తావిస్తారు. ఇంట్లో పిల్లల చదువు గురించి ఆలోచించే తల్లిదండ్రుల దృష్టి మాత్రం మూడో దానిపైనే ఉంటుందన్నది కాదనలేని వాస్తవం.

ఆరేదాకా కూలీ లేదు

ఏ పద్ధతి మేలో తేల్చే ముందు అసలు పని ఎలా సాగుతుందో చూడాలి. చిత్రానికి ఎంచుకున్న చెక్కను లేదా ప్లైవుడ్ పలకను ముందుగా ఉప్పు కాగితంతో రుద్ది నునుపు చేస్తారు. లప్పం పూసి, ఆరాక మళ్లీ రుద్దుతారు. దానిపై నేపథ్యపు రంగు వేసి మరోసారి ఆరబెడతారు. ఆ తర్వాతే ట్రేసింగు కాగితంపై ఉన్న గీతను పలకపైకి దించి, ఒక్కో రంగునూ నింపుకుంటూ పోతారు. కనుబొమ, పెదవి, చేతివేళ్లు, నగల్లోని ముత్యాలు చివరి దశలో సన్నని కుంచెతో దిద్దుతారు. చిత్రానికి విలువ తెచ్చేది ఈ చివరి దశే. చేయి కాస్త వణికినా అంతవరకూ చేసిన పనంతా వృథా అవుతుంది.

ఈ మొత్తంలో కుంచె కదిలే సమయం ఒక ఎత్తయితే, ఆరడానికి ఎదురుచూసే సమయం మరో ఎత్తు. నెల జీతగాడికి ఆ ఎదురుచూపు కూడా పనిదినమే. పీసు లెక్కన పనిచేసే వాడికి అది కూలీ లేని రోజు. అందుకే అనుభవజ్ఞులు ఒకేసారి నాలుగైదు పలకలు మొదలుపెట్టి, ఒకటి ఆరుతుండగా మరొకటి అందుకుంటారు. అయితే దానికి నాలుగైదు పలకలకు సరిపడా పెట్టుబడి ముందే ఉండాలి, దుమ్ము పడకుండా వాటిని ఆరబెట్టుకునే చోటూ ఉండాలి. చిన్న ఇంట్లో ఈ రెండూ దొరకవు. ఇక వానాకాలంలో గాలిలో తేమ పెరిగితే లప్పమూ ఆరదు, రంగూ ఆరదు. ఆ నెలల నష్టం ఎవరి ఖాతాలో పడుతుందన్నదే జీతానికీ, కూలీకీ మధ్య ఉన్న అసలు తేడా.

బొమ్మల పని దీనికి కొంత భిన్నం. తేలికైన పొనికి కర్రను చెక్కి, విడిభాగాలను చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికి, తెల్ల సుద్ద పూసి రంగులు వేస్తారు. ఒకే రకం బొమ్మలు వరుసగా పేర్చుకుని ఒక రంగు అన్నింటికీ వేసి, తర్వాత మరో రంగు అందుకోవచ్చు. చేయి తిరిగిన కొద్దీ వేగం పెరుగుతుంది, పీసు లెక్క గిట్టుబాటవుతుంది. చిత్రంలో అలాంటి వెసులుబాటు తక్కువ. చేయి తిరిగిన కళాకారుడు తొందరగా ముగించడానికి బదులు మరింత సన్నని గీత వైపు వెళతాడు. నైపుణ్యం పెరిగిన కొద్దీ రోజు కూలీ తగ్గే విచిత్ర పరిస్థితి పీసు లెక్కలో ఉంది. బొమ్మలకు, చిత్రాలకు ఒకే తరహా కూలీ పద్ధతి ఎందుకు సరిపోదో దీన్నిబట్టి అర్థమవుతుంది.

యజమానీ తానే.. కూలీ తానే

పదిహేడో శతాబ్దంలో ఈ ప్రాంతాన్ని ఏలిన నిమ్మనాయుడు నకాషీ కళాకారులను ఇక్కడికి రప్పించి ఆశ్రయమిచ్చాడని చెబుతారు. పట్టణానికి ఆ పేరు ఆయన మీదుగానే వచ్చిందని ప్రతీతి. ప్రాపకం ఉన్నంతకాలం జీతమా, కూలీయా అన్న ప్రశ్నకు పెద్దగా తావుండేది కాదు. సంస్థానాలు బలహీనపడ్డాక అసలు సమస్య మొదలైంది. నిజాం రాష్ట్రంలో 1937 నుంచి 1941 వరకు ప్రధానిగా ఉన్న సర్ అక్బర్ హైదరీ సతీమణి లేడీ హైదరీ చొరవతో ఈ కళ హైదరాబాద్ నగరపు అభిరుచికి దగ్గరైంది. మొఘల్ సూక్ష్మచిత్రాల శైలి, అజంతా రూపాలు నిర్మల్ పలకలపై స్థిరపడి, గోడకు తగిలించుకునే అలంకరణగా గిరాకీ తెచ్చాయి.

స్వాతంత్ర్యానంతరం 1955లో ఏర్పడిన నిర్మల్ కొయ్యబొమ్మల సహకార సంఘం ఈ కథలో కీలక మలుపు. దళారి చేతిలో పడకుండా కళాకారులే సభ్యులై, ముడిసరుకు కలిసి కొని, సరుకు కలిసి అమ్ముకోవాలన్నది దాని ఉద్దేశం. అడవి నుంచి పొనికి కర్ర సంపాదించడం ఒంటరి కుటుంబానికి సాధ్యమయ్యే పని కాదు. ఆ ఒక్క కారణంతోనే సంఘం అవసరం ఈనాటికీ తీరలేదని ఒప్పుకోక తప్పదు. లేపాక్షి విక్రయశాలలు, 2014 తర్వాత తెలంగాణ హస్తకళల సంస్థ గోల్కొండ విక్రయశాలలు సరుకుకు మార్కెట్‌గా నిలిచాయి.

చిక్కంతా సభ్యుడి హోదాలోనే ఉంది. కాగితం మీద అతడు సంఘానికి యజమాని. పనిబల్ల దగ్గర అతడే పీసు లెక్కన కూలీ తీసుకునే కార్మికుడు. సరుకు అమ్ముడుపోక గోదాములో మిగిలితే ఆ భారం యజమానిగా అతడిపైనే పడుతుంది, తర్వాతి పని తగ్గిపోతుంది. సెలవు, పండుగ బోనసు, పదవీ విరమణ నాటి మొత్తం అడగాలంటే ఎదురుగా మరో యజమాని ఉండడు. ఒక్క మాటలో చెప్పాలంటే స్వతంత్ర కళాకారుడికి ఉండే నష్టభయమంతా ఉంది, అతడికి దక్కే పేరు మాత్రం లేదు. జీతగాడికి ఉండే కట్టుబాటంతా ఉంది, అతడికి దక్కే భరోసా మాత్రం లేదు.

చట్టాలూ ఈ సందిగ్ధాన్ని తీర్చలేదు. 1952 నాటి ప్రావిడెంట్ ఫండ్ చట్టం యాభై మందికంటే తక్కువ మందితో, విద్యుత్తు సాయం లేకుండా నడిచే సహకార సంఘాలను తన పరిధి నుంచి మినహాయించింది. చేతి పనే ప్రాణమైన సంఘాలకు ఆ మినహాయింపు ఖర్చు తగ్గించిన మాట నిజమే. అందులో పనిచేసే వారికి వృద్ధాప్యంలో చేతికందే సొమ్మును కూడా అదే తగ్గించింది. 2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పీసు లెక్కన పనిచేసే వారికీ కనీస వేతనం నిర్ణయించాలని వేతన కోడ్ చెబుతోంది. అయితే సంఘ సభ్యుడు అందులో చెప్పిన ఉద్యోగి కిందికి వస్తాడా, యజమానిగానే మిగులుతాడా అన్నది కింది స్థాయిలో తేలవలసిన విషయం.

అక్బరు కొలువు నుంచి గోల్కొండ బజారు వరకు

నిజానికి ఈ ప్రశ్న నిర్మల్‌లో పుట్టింది కాదు. నిర్మల్ పలకలపై కనిపించే అంతఃపుర దృశ్యాలు ఏ సూక్ష్మచిత్ర సంప్రదాయం నుంచి వచ్చాయో, ఆ సంప్రదాయంలోనే జీతగాడు, స్వతంత్రుడు అన్న తేడా తొలినాళ్ల నుంచీ ఉంది. అక్బరు చిత్రశాలలో చిత్రకారులు నెల జీతగాళ్లు. దారోగాలు, గుమాస్తాలు వారం వారం వారి పనిని చక్రవర్తి ముందుంచేవారని, ప్రతిభను బట్టి బహుమతులో, జీతం పెంపుదలో దక్కేదని అబుల్ ఫజల్ ఐనీ అక్బరీలో నమోదు చేశాడు. పల్లకీ మోసే బోయీ కుమారుడైన దశవంత్ గోడలపై గీసిన బొమ్మలతో అక్బరు కంటపడి, ఆ కొలువులోనే అగ్రశ్రేణి చిత్రకారుడయ్యాడు. ఒకరు గీత గీస్తే, మరొకరు రంగు నింపి, ఇంకొకరు ముఖాలు దిద్దే పద్ధతి అక్కడ ఉండేది. ఎవరు ఏ పని చేశారో అంచుల్లో గుమాస్తాలు రాసి ఉంచారు. కార్యాలయపు లెక్కల కోసం రాసిన ఆ రాతలే నాలుగు వందల ఏళ్ల తర్వాత ఆ చిత్రకారుల పేర్లను లోకానికి అందించాయి.

దీనికి పూర్తి విరుద్ధమైన ఉదాహరణ తెలుగునేలపైనే ఉంది. పదిహేడో శతాబ్దం చివర గోల్కొండలో సుల్తానులు, మంత్రులు, మొఘల్ ప్రముఖుల ముఖచిత్రాలను వరుసలుగా గీసి యూరోపియన్ వర్తకులకు అమ్మే బజారు పని జోరుగా సాగింది. ఆమ్‌స్టర్‌డామ్ నగర పాలకుల్లో ఒకరైన నికొలాస్ విట్సెన్ సేకరణలో చేరిన అలాంటి ఆల్బం ఒకటి ఆ నగరంలోని రైక్స్ మ్యూజియంలో ఉంది. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశం కావడానికి కొద్ది ముందరి పని అది. సముద్రాలు దాటిన ఆ చిత్రాల్లో ఎవరి ముఖం ఉందో తెలుస్తుంది. గీసింది ఎవరో తెలియదు. స్వేచ్ఛగా గీసి బజారులో అమ్ముకున్న చేతికి పేరు దక్కలేదు. కొలువులో కట్టుబడి గీసిన చేతికి దక్కింది. స్వతంత్రుడికి కీర్తి, జీతగాడికి అనామకత్వం అన్న నేటి అభిప్రాయం చరిత్ర ముందు నిలవదు.

పద్దెనిమిదో శతాబ్దంలో కలకత్తా ప్రధాన న్యాయమూర్తి భార్య లేడీ ఇంపే పట్నాకు చెందిన షేక్ జైనుద్దీన్, భవానీదాస్, రాందాస్‌లను నియమించుకుని పక్షులు, జంతువుల చిత్రాలు మూడు వందలకు పైగా గీయించింది. వాటిపై వారి సంతకాలున్నాయి. సంస్థానాలు పోయి ఉపాధి వెతుక్కుంటున్న రోజుల్లో ఆ ముగ్గురికీ దొరికింది కొలువే. ఇంపే దంపతులు ఇంగ్లండుకు తిరిగి వెళ్లడంతో ఆ కొలువూ ముగిసింది. ప్రాపకం ఒక్క మనిషిని నమ్ముకుని ఉంటే దాని ఆయుష్షు ఎంతో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

మూడో తరహా ఒకటి ఉండేది, నేడు అది పూర్తిగా కనుమరుగైంది. హిమాలయ పాద రాజ్యాల్లో చిత్రకార కుటుంబాలకు భూములు ఇచ్చి పోషించేవారు. మన దగ్గర ఆలయ వృత్తులకు మాన్యాలు ఉన్నట్లే అది. పంట ఇంటికి వస్తుంది, కుంచె తనకు తోచిన వేగంతో నడుస్తుంది. తెలంగాణలోనే చేర్యాల నకాషీలది మరో దారి. కాకిపడగల వారు, కూనపులి వారు వంటి కథాగాయక కులాలు తమ కథల పటాలు గీయించుకునేవి. ఆ కులాలకు ముదిరాజులు, పద్మశాలీలు పోషకులు. ఆ గొలుసులో ఒక లంకె తెగడంతోనే పటం గీయించుకునే వారు కరువయ్యారు. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాలలో కొద్ది కుటుంబాలు మాత్రమే చిన్న పటాలు, మాస్కులు చేసి నేరుగా అమ్ముకుంటూ ఆ కళను నిలబెడుతున్నాయి.

లెక్క వేస్తే ఏం తేలుతుంది?

స్వతంత్రంగా అమ్ముకుంటే లాభమంతా కళాకారుడికే కదా అన్న వాదన తరచూ వినిపిస్తుంది. అంచనా కోసం ఒక లెక్క వేసుకుందాం. ఇవి ఎవరి ఖాతా పుస్తకంలోని అంకెలూ కావు, కేవలం ఉదాహరణ కోసం తీసుకున్నవి. విక్రయశాలలో 3 వేల రూపాయలు పలికే చిన్న చిత్రానికి నాలుగు రోజుల కుంచె పని పట్టిందనుకుందాం. ముడిసరుకుకు 500, విక్రయశాల వాటాగా మూడో వంతు అంటే వెయ్యి పోతే 1,500 మిగులుతుంది. రోజుకు 375 రూపాయలు.

అదే చిత్రాన్ని కళాకారుడే నేరుగా అమ్మితే విక్రయశాల వాటా ఆదా అవుతుంది. ముడిసరుకు 500, ప్యాకింగుకూ కొరియరుకూ 300 పోగా చేతికి 2,200 వస్తుంది. అయితే ఫొటోలు తీయడం, ఫోనులో బేరాలాడటం, ప్యాక్ చేయడం, కొరియర్ కార్యాలయానికి తిరగడం కలిపి మరో రోజున్నర పోతుంది. అయిదున్నర రోజులకు పంచితే రోజుకు 400. తేడా పాతిక రూపాయలే. దారిలో పలక విరిగినా, కొన్నవాడు వెనక్కి పంపినా ఆ పాతికా పోతుంది.

ఇప్పుడు జీతం వైపు చూద్దాం. నెలకు 26 పనిదినాలకు 15 వేలు ఇవ్వాలంటే రోజుకు 577 రూపాయలు. ఆ రోజుల్లో ఒక చేయి ఆరున్నర చిత్రాలు పూర్తి చేస్తుంది. ముడిసరుకు, విక్రయశాల వాటా పోను ఆ జీతం గిట్టాలంటే 3 వేల చిత్రం ధర 4,200కు పెరగాలి. అంటే సంఘమో, ప్రైవేటు యజమానో జీతం ఇవ్వకపోవడానికి కారణం ఎప్పుడూ పిసినారితనమే కానక్కర్లేదు. ప్రస్తుత ధర ఆ జీతాన్ని మోయలేదు. ధర పెంచితే పక్క దుకాణంలో ముద్రించిన చిత్రం నాలుగో వంతుకే దొరుకుతుంటే కొనేవాడు ఎటు మొగ్గుతాడో ఊహించడం కష్టం కాదు. జీతం సాధ్యం కావాలంటే చేత్తో గీసిన దానికీ, ముద్రించిన దానికీ తేడా కొనుగోలుదారుకు తెలియాలి. ఆ బాధ్యత నెత్తికెత్తుకున్న వారు తక్కువ.

నిర్మల్ బొమ్మలకు 2009లో భౌగోళిక గుర్తింపు లభించింది. మరోచోట తయారైన సరుకును ఆ పేరుతో అమ్మకుండా అడ్డుకునే హక్కు దానివల్ల దక్కింది. అయితే హక్కు కాగితంపై ఉండటం వేరు, దాన్ని వాడటం వేరు. నకిలీని గుర్తించి, నోటీసు ఇచ్చి, కోర్టుకు వెళ్లే శక్తి రోజు కూలీపై బతికే కుటుంబానికి ఉండదు. సంఘమే ఆ పని చేయాలి. అక్కడ కూడా కోర్టు ఖర్చు కంటే ముందు కర్ర ఖర్చే గుర్తుకొస్తుంది.

పథకాల్లో బొమ్మకు చోటు.. చిత్రానికి లేదు

స్వయం ఉపాధి కళాకారులకు చేయూతనిచ్చే పథకాలు లేకపోలేదు. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15 వేలు, 5 శాతం వడ్డీకి తొలి విడత లక్ష, మలి విడత 2 లక్షల రుణం అందులోని ప్రధానాంశాలు. ఆ జాబితాలో సంప్రదాయ బొమ్మల తయారీదారుకు చోటుంది. చిత్రకారుడికి లేదు. ఒకే ఇంట్లో అన్న బొమ్మలు చేస్తే, తమ్ముడు పలకలపై చిత్రాలు గీస్తే, పథకం అన్న ఒక్కడినే గుర్తిస్తుంది. పైగా కుటుంబంలో ఒకరికే ఈ లబ్ధి. నిర్మల్‌లో ఈ రెండు పనులూ కలిసే ఉంటాయి కాబట్టి చాలామంది బొమ్మల పేరుతోనే దరఖాస్తు చేసుకునే వీలుంది గానీ, చిత్రమే జీవనాధారమైన వారి సంగతి పట్టించుకోవలసిందే.

పన్నుల విషయంలో కొంత ఊరట దక్కింది. 2017లో వస్తుసేవల పన్ను వచ్చినప్పుడు చేతి చిత్రాలపై 12 శాతం విధించారు. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 5 శాతానికి తగ్గింది. ఆన్‌లైన్ వేదికల ద్వారా అమ్మే వారు ఎంత చిన్నవారైనా పన్ను రిజిస్ట్రేషన్ తీసుకోవాలన్న నిబంధన స్వతంత్ర కళాకారులకు పెద్ద అడ్డంకిగా ఉండేది. 2023 అక్టోబరు 1 నుంచి సొంత రాష్ట్రంలోనే అమ్ముకునే చిన్న విక్రేతలకు దాన్ని సడలించారు. అయితే ఆ వేదికలపై నిర్మల్ చిత్రం కొనేవాడు బెంగళూరులోనో, ముంబయిలోనో ఉంటే ఆ సడలింపు వర్తించదు. రాష్ట్రం దాటకుండా అమ్ముకోమని చెప్పడమంటే ఆన్‌లైన్ మార్కెట్లో సగం తలుపు మూసి పెట్టడమే. 2021 జనవరి 1న ఆటబొమ్మల నాణ్యతా ముద్ర తప్పనిసరి అయినప్పుడు మాత్రం కేంద్రం ముందే మేల్కొంది. హస్తకళల అభివృద్ధి కమిషనర్ వద్ద నమోదైన కళాకారులకు మినహాయింపు ఇవ్వడంతో నిర్మల్, కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలు గండం గట్టెక్కాయి. అయితే నమోదు కానివారికి ఆ మేలు అందదు. కళాకారుల గుర్తింపు కార్డును కేవలం ఎగ్జిబిషన్లలో స్టాలు కోసం పనికొచ్చేదిగా చూడటం పొరపాటని దీన్నిబట్టి తెలుస్తోంది.

వృద్ధాప్యంలో ఆదుకునే పింఛను పథకం జాతీయ, రాష్ట్ర స్థాయి పురస్కారాలు పొందిన వారికే పరిమితం. పురస్కారానికి పంపే చిత్రంపై నెలల తరబడి పనిచేయాలి, ఆ కాలంలో కూలీ ఉండదు. పీసు లెక్కన ఇల్లు గడుపుకునే వాడు ఆ పోటీలో దిగడమే అరుదు. చివరికి జీవితమంతా భరోసా లేకుండా గడిపిన వాడికే భరోసా పథకం దక్కకుండా పోతోంది. 2021 ఆగస్టులో మొదలైన ఈ-శ్రమ్‌లో అసంఘటిత కార్మికుడిగా పేరు నమోదు చేసుకోవచ్చు గానీ, ఆ కార్డుతోనే నెలనెలా ఆదాయం రాదన్నది తెలిసిందే.

డ్రాయింగ్ మాస్టారి కొలువు

ఈ నేపథ్యంలో మూడో దారి ఆకర్షణ అర్థం చేసుకోదగినదే. చేతిలో గీత ఉన్న కుర్రాడికి మన దగ్గర దశాబ్దాలుగా తెలిసిన సర్కారీ బాట ఒక్కటే. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు రాసి, టీటీసీ పూర్తిచేసి, డ్రాయింగ్ మాస్టారు పోస్టు కోసం ఎదురుచూడటం. ఆ నోటిఫికేషన్లు ఎప్పుడొస్తాయో ఎవరూ చెప్పలేరు. దొరికిన వారికి జీతం ఉంటుంది, సాయంత్రాలు, సెలవులు మిగులుతాయి. కళ బతకాలంటే ఇంటికో ఉద్యోగం ఉండాలన్న మాట వినడానికి వింతగా ఉన్నా, జీతం వచ్చే ఇంట్లోనే తీరిగ్గా నెల రోజులు పట్టే మంచి చిత్రం తయారవుతుందన్నది నిజం. కూలీ కోసం గీసే ఇంట్లో త్వరగా అమ్ముడయ్యే చిత్రాలే ఎక్కువగా వస్తాయి. హైదరాబాద్ యానిమేషన్ స్టూడియోలు, ప్రకటనల సంస్థలు మరో గమ్యం. అక్కడికి వెళ్లిన వారిలో గీత పోదు గానీ, లప్పం, బంగారు రంగు, సన్న కుంచె మాత్రం ఇంటి అటక మీదికి చేరుతాయి.

దీన్ని కళాద్రోహంగా చిత్రించడం అన్యాయం. తండ్రి వానాకాలమంతా ఖాళీగా కూర్చోవడం చూసిన కొడుకు నెల జీతం కోరుకోవడంలో తప్పేముంది? పొనికి చెట్టు పెంచే పథకాలు కాగితాలపై ఎన్ని ఉన్నా, మొక్క ఎదిగి కర్ర చేతికొచ్చేదాకా ఆగే ఓపిక ఇంటి ఖర్చులకు ఉండదు.

జీతం పూర్తిగా అసాధ్యమైతే, కనీసం దానిలోని ఒక భాగాన్ని సంఘం తేగలదు. ఆర్డర్లు ఎక్కువగా ఉండే దసరా, దీపావళి నెలల కూలీలో కొంత పక్కన పెట్టి, వానాకాలం నెలల్లో అడ్వాన్సుగా ఇచ్చే ఏర్పాటు చేస్తే పీసు లెక్కలోనే జీతపు స్వభావం కొంత వస్తుంది. చేనేత రంగంలో పొదుపు నిధి పేరుతో ఇలాంటి ఏర్పాటు ఇప్పటికే ఉంది. కార్మికుడు కొంత జమ చేస్తే ప్రభుత్వం తన వాటా కలుపుతుంది. మగ్గానికి సాధ్యమైనది కుంచెకు ఎందుకు సాధ్యం కాదన్న ప్రశ్నకు సంబంధిత శాఖలే జవాబు చెప్పాలి. చిత్రకారుల సంఖ్య నేతకారుల సంఖ్యలో చిన్న భాగం. ఖర్చు కూడా ఆ మేరకు తక్కువే.

రెండో పనికి ఖర్చే లేదు. పీసు లెక్కన కూలీ కట్టాలంటే ఏ పలకను ఎవరు గీశారో పుస్తకంలో రాసుకోక తప్పదు. అక్బరు కొలువులో గుమాస్తాలు చేసింది కూడా ఆ పనే. విక్రయశాలకు వెళ్లే పలక వెనుక ఆ పేరు, గీసిన సంవత్సరం రాస్తే ముద్రించిన నకలుకు, చేతి పనికి తేడా కొనేవాడికి వెంటనే తెలుస్తుంది. మెచ్చినవాడు మరుసటి ఏడాది అదే చేతి పని కావాలని పేరు చెప్పి అడుగుతాడు. ఆర్డరు సంఘానికే వస్తుంది, పేరు కళాకారుడికి దక్కుతుంది. ప్రస్తుతం విక్రయశాలల్లో దొరికే చాలా చిత్రాల వెనుక ధర చీటీ మాత్రమే ఉంటోంది.